అద్దె గదుల లెక్క తీసిన ఆచార్యుడు – డుబాయిస్ జీవితం

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వైపు ఉదయపు బస్సులో ప్రయాణించే మన విద్యార్థులకు ఒక సంభాషణ సుపరిచితమే. ఫలానా కర్మాగారంలో జీతం ఎక్కువ, కాని ఆ చుట్టుపక్కల గది అద్దె కూడా ఎక్కువ. ఊళ్ళోనే ఉంటే అద్దె తగ్గుతుంది, కాని బస్సు చార్జీ తగులుతుంది, కాలం హరించుకుపోతుంది. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960 దశకంలో వెలసింది మొదలు ఈ లెక్క మన ఇళ్ళలో సాగుతూనే ఉన్నది. జీతం పెరిగిన చోటల్లా బ్రతుకు కూడా పెరిగిందా అన్న ఈ ప్రశ్నను, ఒక అల్పసంఖ్యాక సమాజం పక్షాన నిలిచి, పట్టణం వెంట పట్టణం తిరిగి, ఇంటింటి తలుపు తట్టి పరిశోధించిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన అమెరికా దేశపు నల్లజాతి విద్వాంసుడు విలియం ఎడ్వర్డ్ బర్గ్‌హార్ట్ డుబాయిస్. వారి జీవితాన్ని మా శక్తి మేరకు ఇక్కడ వివరిస్తున్నాము.

డుబాయిస్ 1868 ఫిబ్రవరి 23న మాసచూసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి మూడేండ్లు కూడా నిండలేదు. తండ్రి చిన్ననాడే విడిచిపోగా తల్లి మేరీ కష్టపడి పెంచింది. పాఠశాల చదువు ముగిసిన కొద్ది కాలానికే ఆమె కూడా కన్నుమూసింది. ఊరిలోని చర్చీలవారు చందాలు వేసుకొని ఆ బాలుణ్ణి నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయానికి పంపినారు. అక్కడి నుండి హార్వర్డ్, ఆపైన బెర్లిన్. 1895లో హార్వర్డ్ నుండి డాక్టరేటు పట్టా పొందిన మొట్టమొదటి నల్లజాతీయుడు ఆయనే. అంతటి పట్టా చేత బట్టుకొని వచ్చినా శ్వేతజాతి విశ్వవిద్యాలయాలలో ఆయనకు ఆచార్య పదవి లభించలేదు.

1896లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనను ఒక పనికి పిలిచింది. ఆ నగరపు ఏడవ వార్డులో నల్లజాతివారు కిక్కిరిసి ఉండేవారు. వారి స్థితిగతులను పరిశీలించి నివేదిక ఇవ్వవలెను. పాఠం చెప్పే అధికారం లేదు, పేరుకు మాత్రం సహాయకుడు. డుబాయిస్ అప్పుడే వివాహితుడై, నవవధువు నీనాతో ఆ వార్డులోనే ఒక భోజనశాల మీది ఒంటి గదిలో కాపురం పెట్టినారు. ఎవరి బ్రతుకు గురించి వ్రాయదలచారో వారి వీధిలోనే అద్దెకు దిగడం మాకు ఎంతో గౌరవప్రదంగా తోచింది. గ్రంథాలయంలో కూర్చొని కూడా నివేదిక వ్రాయవచ్చు. వ్రాసేవారు నేటికీ ఉన్నారు.

సుమారు 2,500 ఇండ్లకు ఆయన స్వయంగా వెళ్ళినారు. ఆ వార్డులో 9,675 మంది నల్లజాతీయులున్నట్లు లెక్క తేల్చినారు. ఎవరు ఏ పని చేస్తారు, ఎంత సంపాదిస్తారు, గదులెన్ని, అద్దె ఎంత, అందులో ఉప అద్దెకు ఉన్నవారెందరు అని అడిగి వ్రాసుకొన్నారు. తలుపు తెరిచిన వారందరూ సాదరంగా మాట్లాడలేదు. తమను వింత జంతువులవలె పరీక్షింపవచ్చినాడని అనుమానించినవారు కూడా ఉన్నారు. ఈ శ్రమ ఫలమే 1899లో వెలువడిన ఫిలడెల్ఫియా నీగ్రో అనే మహాగ్రంథము.

అందులోని ఒక విషయం మనం నిలిచి ఆలోచించదగినది. నల్లజాతివారిలో అత్యధికులు సంపన్నుల ఇండ్లలోనూ హోటళ్ళలోనూ సేవకులు. తెల్లవారకముందే పనికి చేరవలెను కనుక నగరం నడిబొడ్డునే నివసించక తప్పదు. అన్ని వీధులలోను వారికి ఇండ్లు ఇవ్వరు. ఇచ్చే కొద్ది వీధులలో గిరాకీ పెరిగి, పాడుబడిన ఇంటికి కూడా హెచ్చు అద్దె పలికేది. ఆ అద్దె భరించలేక ఒక గదిని మరొకరికి ఉప అద్దెకు ఇచ్చేవారు. ఇల్లు ఇరుకై ఆరోగ్యం చెడేది. యంత్రశాలలు, కార్మిక సంఘాలు వారికి తలుపులు మూసినందువల్ల జీతం పెరిగే మార్గమూ లేదు. బయటివారు దీనిని చూసి ఆ జాతి స్వభావమే అంత అనేవారు. స్వభావం కాదు, అద్దె చీటీలోను ఉద్యోగాల నిరాకరణలోను కారణం ఉన్నదని డుబాయిస్ అంకెలతో చూపినారు. ఇస్నాపూర్ పరిసరాలలో పొరుగు రాష్ట్రాల నుండి వచ్చి ఒక గదిలో పలువురు వంతులవారీగా నిద్రించే కార్మికులను చూచిన మనకు ఈ వర్ణన పరాయిది కాదు.

ఒక్క నగరంతో ఆయన తృప్తి చెందలేదు. 1897 వేసవిలో వర్జీనియాలోని ఫార్మ్‌విల్ అనే చిన్న పట్టణాన్ని అదే రీతిగా పరిశీలించినారు. అక్కడ ఖర్చు తక్కువే, కాని పని లేదు. అందువల్ల యువకులు ఉత్తరాది నగరాలకు వలసపోయేవారు. అనగా ఫిలడెల్ఫియా ఇరుకు గదిలోని మనిషి ఫార్మ్‌విల్ వంటి ఊరి బిడ్డయే. ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివితేనే ఒకదాని అర్థం మరొకదానిలో తెలుస్తుంది.

అదే సంవత్సరం అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనారు. 1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఆయనా శిష్యులూ కలిసి అరవైకి పైగా రంగుల పటాలను చేతితో గీసి పంపినారు. అందులో ఒకటి అట్లాంటాలోని 150 నల్లజాతి కుటుంబాల ఆదాయ వ్యయ పట్టిక. అందరికంటె పేద కుటుంబాల ఆదాయంలో 43 శాతం తిండికి, 19 శాతం ఇంటి అద్దెకు పోయేది. ఆదాయం పెరిగినకొద్దీ మిగులు ఎట్లు పెరిగిందో ఒక్క చూపులో తెలిసేటట్లు రంగులు వేసినారు. ఆ ప్రదర్శనకు బంగారు పతకం లభించింది.

కాని పతకానికి ముందటి ఏడాది ఆయన గుండె పగిలింది. 1899లో జార్జియా రాష్ట్రంలో సామ్ హోస్ అనే నల్లజాతి కూలీని గుంపు చిత్రవధ చేసి చంపింది. పత్రికకు విజ్ఞప్తి ఇవ్వడానికి బయలుదేరిన డుబాయిస్, ఆ మనిషి ఎముకలు ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టారని దారిలో విని వెనుదిరిగినారు. కొద్ది వారాలకే వారి ఏకైక కుమారుడు, రెండేండ్లు నిండని పసివాడు, కంఠసర్పి వ్యాధితో మరణించినాడు. అంకెలు చూపితే లోకం మారుతుందన్న విశ్వాసం ఆనాటితో సడలింది.

బుకర్ టి. వాషింగ్టన్‌తో ఆయనకు కలిగిన వాదం ప్రసిద్ధమైనది. వృత్తి విద్య నేర్చి సంపాదిస్తే హక్కులు క్రమంగా వస్తాయని వాషింగ్టన్ పక్షం. వోటు హక్కు, ఉన్నత విద్య లేనిదే సంపాదన నిలువదని డుబాయిస్ పక్షం. ఐ.టి.ఐ.లో చేరుదుమా, డిగ్రీ చదువుదుమా అని మన ఇండ్లలో సాగే తర్కమే అది. మాకు డుబాయిస్ పక్షమే సబబుగా తోస్తుంది, అయినను చేతిపనిని ఆయన అభిమానులు కొందరు చిన్నచూపు చూచిన మాట నిజమే. ఉత్తర కరోలినాలోని డర్హం పట్టణంలో నల్లజాతివారు బీమా సంస్థ, దుకాణాలు నెలకొల్పి వృద్ధి చెందిన తీరును 1912లో డుబాయిస్ మెచ్చుకొంటూ వ్రాసినారు. కాని అటువంటి సంపద ఎంత భద్రమో 1921లో తేలింది. టల్సా నగరంలో సంపన్నమైన గ్రీన్‌వుడ్ వాడను తెల్లజాతి గుంపు ఒక్క రోజులో తగులబెట్టింది.

1909లో నల్లజాతివారి హక్కుల సంఘం స్థాపకులలో ఒకరై, 1910 నుండి 1934 వరకు దాని పత్రిక క్రైసిస్‌కు సంపాదకత్వం వహించినారు. లాలా లజపతి రాయ్ ఆయనకు మిత్రులు. 1946లో డాక్టర్ అంబేడ్కర్ ఆయనకు లేఖ వ్రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతులను కోరినారు. అస్పృశ్యుల స్థితికీ అమెరికా నల్లజాతివారి స్థితికీ గల పోలికను ఇద్దరూ గుర్తించినారు.

వృద్ధాప్యంలో స్వదేశ ప్రభుత్వమే 1951లో ఆయనపై అభియోగం మోపింది, న్యాయస్థానం కొట్టివేసింది. పాస్‌పోర్టు మాత్రం 1958 వరకు నిరాకరించారు. 1961లో ఘనా దేశానికి వెళ్ళి, 1963 ఆగస్టు 27న అక్రా నగరంలో 95వ ఏట కన్నుమూసినారు. మరునాడు వాషింగ్టన్‌లో లక్షలాది జనం పాల్గొన్న హక్కుల ప్రదర్శనలో ఆ వార్త ప్రకటించారు.

ఒక విషయం విడువరాదు. 1906లో అలబామాలోని లౌండెస్ జిల్లాలో కౌలుదారుల అప్పులు, ఆదాయాలపై ప్రభుత్వ కార్మిక శాఖ కొరకు ఆయన గొప్ప పరిశోధన జరిపినారు. ఆ పరిశోధనలో ఉండగానే అట్లాంటాలో అల్లర్లు చెలరేగి భార్య, కుమార్తెల కోసం పరుగున తిరిగి వచ్చినారు. నివేదిక చేరినది, కాని శాఖవారు దానిని ప్రచురించక ధ్వంసం చేసినారు. పారిస్‌కు పంపిన రంగుల పటాలు నేటికీ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. లౌండెస్ లెక్కలు మాత్రం ఎక్కడా దొరకలేదు.