సాకలోళ్ల కథంటే గాడిదేనా?

పిలగాండ్ల కథల పుస్తకంల సాకలాయన వచ్చిండంటే ఎనుకనే గాడిద వస్తది. పులితోలు కప్పుకున్న గాడిద పంచతంత్రంల ఉన్నది. దొంగ వచ్చిండని ఒర్రి దెబ్బలు తిన్న గాడిద ఇంకో కథల ఉన్నది. రెండిట్ల యజమాని మావోడే. 1963ల వచ్చిన లవకుశ సిన్మాల సీతమ్మ మీద నిందేసేది గూడ మావోడే. నా చిన్నప్పుడు బడిల ఈ గాడిద కథ చెప్పిన్నాడు క్లాసు క్లాసంత నా దిక్కు మళ్లి సూశింది. సారు గూడ నవ్విండు. ఇప్పుడు నా బిడ్డ చదివే పుస్తకాలల్ల బొమ్మలకు రంగులచ్చినయి గని కథ మారలే. జమీందారు దయగలోడు, పనోడు తెలివి తక్కువోడు.

గందుకే మొన్న బిడ్డకు ఐలమ్మ ముచ్చట చెప్పిన.

ఐలమ్మ పుట్టింది మన ఓరుగల్లు దిక్కే, రాయపర్తి దగ్గరి కృష్ణాపురం. పాలకుర్తి చిట్యాల నర్సింహకు ఇచ్చి పెండ్లి చేసిన్రు. ఊరోళ్ల బట్టలు ఉతుకుడు కులం పని. దొరల బట్టలు ఉతుకుడు వెట్టి, దానికి పైస లేదు. కథలల్ల సాకలాయన గాడిద మీద మూట పెట్టేది కనవడుతది గని, ఆయన వీపు మీద మూట పెట్టినోడు ఏ కథలనన్న కనవడ్డడా?

మల్లంపల్లి మక్తాదారు దగ్గర ఐలమ్మ 40 ఎకరాలు కౌలుకు పట్టింది. అండ్ల 4 ఎకరాలు సాగుల పెట్టింది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలున్నయని సుందరయ్య గారు రాసిండ్రు. గంత భూమి ఉన్నోనికి గీ 4 ఎకరాలు కండ్లల్ల పడ్డయి. నాకేమనిపిస్తదంటే, ఆయనకు భూమి మీద కన్న ఆమె మీదనే కోపం. బట్టలు మోసే మనిషి వడ్లు కొలుసుకుంటే గడీల వెట్టి ఎవరు చేస్తరు? పైంగ ఆమె ఆంధ్రమహాసభల చేరింది. మనోళ్లు దాన్ని గుత్పల సంఘం అనేటోళ్లు.

పట్వారీతోటి కాగితాలల్ల ఆ భూమి తనదే అని రాయించుకున్నడు దొర. పంట కోతకు రాంగనే మనుషులను, గూండాలను చేన్లకు తోలిండు. సంఘం కార్యకర్తలు ముప్పై మంది గూడ లేరు, చేతులల్ల గుత్పలు పట్టుకొని అడ్డం నిలవడ్డరు. గూండాలు ఉరికిన్రు. దాని ఎనుక భీంరెడ్డి నర్సింహారెడ్డి, చకిలం యాదగిరిరావు అసొంటి నాయకులను అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టిన్రు. ఐలమ్మ మొగని మీద, కొడుకుల మీద కేసులు పడ్డయి. ఇల్లు కాలవెట్టిన్రు. ఆమె తరఫున కోర్టుల నిలవడ్డ వకీలు కొండా లక్ష్మణ్ బాపూజీ. గింత జరిగినా ఆమె భూమి ఇడువలే.

గదే దేశ్‌ముఖ్ ఇలాకల 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్యను కాల్చి సంపిన్రు. ఆయన గొర్లు కాసే కులపోడు. మరి కథలల్ల గొర్లు కాసే పిలగాడు ఎవడు? పులి వచ్చిందని అబద్ధమాడేటోడు.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న పాలకుర్తిలనే కన్నుమూసింది. ఊరూర విగ్రహాలు లేసినయి. 2024ల కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టిన్రు, మంచిదే. గని పదమూడు పద్నాలుగేండ్ల పిల్ల రాత్రి పండుకునే ముందు చదువుకునేటట్టు ఆమె మీద ఒక నవల కావాలని హన్మకొండ పుస్తకాల దుకాణాలల్ల అడిగిన. ఒకాయన వ్యాసరచన పోటీల గైడు తీసిచ్చిండు. పరీక్షకు పది లైన్లు అండ్ల ఉన్నయి. రేవు లేదు, సౌడు వాసన లేదు, కోత పొద్దు ఆమె గుండెల దడ లేదు. రాసేటోళ్లు మన జిల్లాల తక్కువ లేరు గదా!

నా బిడ్డ అంత ఇని ఒక్కటే అడిగింది, ఆఖరికి ఆ వడ్లు ఎవరింటికి వోయినయని.

ఐలమ్మ ఇంటికే వోయినయి బిడ్డా అన్న.