సర్కారు కొలువు వీడి.. కెమెరాయే బతుకుతెరువుగా..
సికింద్రాబాద్ స్టూడియోతో ఖ్యాతి గడించిన రాజా దీన్‌దయాళ్ జీవితగాథ

నెక్కొండ: వరంగల్ జిల్లా నెక్కొండ పరిసర అడవుల్లో 1902 ఏప్రిల్‌లో జరిగిన పులివేట తాలూకు ఛాయాచిత్రం ఒకటి నేటికీ దేశవిదేశాల చరిత్ర గ్రంథాల్లో ముద్రితమవుతూనే ఉంది. నాటి వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన సతీమణి, వారి ముందు నేలకొరిగిన పెద్దపులి అందులో కనిపిస్తారు. బొమ్మలోని దొరను గుర్తుపట్టగలవారు చాలామందే ఉన్నారు. ఆ బొమ్మ తీసిన వారెవరన్నది మాత్రం ఈ జిల్లాలోనే అనేకులకు తెలియదు. అది సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ పేరిట వెలువడిన చిత్రం. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా, వైస్రాయ్‌ల ఫొటోగ్రాఫర్‌గా పేరుమోసిన ఈయన అసలు వృత్తి ఫొటోగ్రఫీ కాదు. ప్రజా పనుల శాఖలో నకళ్లు గీసి, అంచనాలు వేసే ఉద్యోగి. కెమెరా ఆయనకు తీరిక వేళల సరదాగా మొదలైంది.

దీన్‌దయాళ్ 1844లో ఉత్తర భారతంలోని మీరట్ సమీపాన గల సర్ధనా పట్టణంలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. మీరట్ దండులో 1857 తిరుగుబాటు రగిలిన నాటికి ఆయనకు పదమూడేళ్లు. ఆ తరువాత రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి చదువు ముగించారు. 1866లో ఇండోర్‌లోని ప్రజా పనుల శాఖ సచివాలయంలో హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం లభించింది. ఆ రోజుల్లో భారతీయ యువకునికి అది గౌరవప్రదమైన కొలువు. నెల తిరిగేసరికి జీతం చేతికందేది. నగల దుకాణం పెట్టుకున్నా, దొరల కొలువులో ఉన్నా ఆ ఇంటికి లోటు లేదు. మూడో దారి వెతుక్కోవలసిన అగత్యం ఏదీ ఆయనకు పైకి కనిపించదు.

ఉద్యోగంలో చేరిన ఎనిమిదేళ్లకు, 1874లో, ఆయన కెమెరా చేతబట్టారు. ఇది నేటి కెమెరా వంటిది కాదు. ఒక మనిషి మోయలేని పెట్టె, దానికి మూడు కాళ్ల స్టాండు, గాజు పలకలు, రసాయనాల సీసాలు, చీకటి డేరా వెంట ఉండాలి. గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, దానిని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే డేరాలో కడగాలి. కొద్ది నిమిషాలు ఆలస్యమైతే పలక పాడవుతుంది. మండుటెండలో ఆ గడువు మరింత తగ్గిపోతుంది. అటుపై గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగెటివ్‌కు జతచేసి ఎండలో ఉంచి ప్రింటు తీయాలి. ఖర్చు సామాన్యమైనది కాదు. నెలజీతం ఉన్నందువల్లనే దీన్‌దయాళ్ ఆ సరదాను భరించగలిగారనుకోవచ్చు. తొలి పదేళ్లు ఆయన కెమెరాను పోషించింది సర్కారు జీతమే.

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావ్ హోల్కర్ ఆయన పనిని మెచ్చి ప్రోత్సహించారు. మధ్య భారత సంస్థానాల్లో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ పరిచయం మరిన్ని తలుపులు తెరిచింది. డేలీ చలవతోనే నాటి వైస్రాయ్ లార్డ్ నార్త్‌బ్రూక్ బృందాన్ని చిత్రించే అవకాశం దక్కింది. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినపుడు కూడా ఆయన కెమెరా పనిచేసింది. ఆ యువరాజే తరువాత ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి అయ్యారు. అప్పటికి దీన్‌దయాళ్ కెమెరా పట్టి రెండేళ్లు కూడా నిండలేదు. ఇంత త్వరగా ఇంతటి వారి ఎదుట నిలబడే అవకాశం చిక్కినా, ఆయన ఉద్యోగాన్ని వదలలేదు. పగలు అంచనాలు, నకళ్లు, వీలు చిక్కినపుడు కెమెరా.. ఇదే వరుసగా మరో దశాబ్దం సాగింది.

గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ యాత్ర

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది 1882-83 యాత్ర. డేలీ తరువాత ఆ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్, మధ్య భారతంలోని ప్రాచీన కట్టడాల చిత్రాలు తీయించేందుకు దీన్‌దయాళ్‌ను వెంటబెట్టుకుని బుందేల్‌ఖండ్ తదితర ప్రాంతాల్లో పర్యటించారు. గ్వాలియర్ కోట, ఓర్ఛా, దతియా రాజభవనాలు, ఖజురహో ఆలయాలు, సాంచి స్తూపం ఆ కెమెరాకు ఎక్కాయి. వీటితోనే 1886లో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాలపై ఒక భారీ సంపుటి వెలువడింది. అందులోని వ్యాసాలు గ్రిఫిన్‌వి, చిత్రాలు దీన్‌దయాళ్‌వి. గ్రంథకర్తగా నిలిచినది మాత్రం గ్రిఫిన్ పేరే. ఆ పుస్తకాన్ని నేడు ఎవరైనా తెరుస్తున్నారంటే అది చిత్రాల కోసమే తప్ప వ్యాసాల కోసం కాదని చెప్పడం అతిశయోక్తి కాబోదు.

ఈ చిత్రాల్లో డ్రాఫ్ట్స్‌మన్ చేయి స్పష్టంగా కనిపిస్తుంది. కట్టడం ఎత్తు ఎంతో, వెడల్పు ఎంతో చూపరికి అంచనా అందేలా ఒక మూల మనిషిని నిలబెట్టడం, గోడల నిలువు గీతలు వాలిపోకుండా కెమెరాను అమర్చడం, శిల్పం లోతు తెలిసేలా ఎండ పక్క నుంచి పడే వేళ కోసం వేచి ఉండడం వంటివి ఇంజనీరింగ్ కొలతలతో చేయి తిరిగిన మనిషి పనితనాలు. పదహారేళ్లకు పైగా కాగితంపై కట్టడాలు గీసిన వ్యక్తికి నిజమైన కట్టడాన్ని చూసే తీరు ప్రత్యేకంగా నేర్పవలసిన అవసరం లేదు. వదిలి రాబోయే ఉద్యోగమే రాబోయే వృత్తికి ఈ విధంగా శిక్షణ ఇచ్చింది.

గ్రిఫిన్ ద్వారానే వైస్రాయ్ లార్డ్ డఫరిన్ పరిచయం కలిగింది. 1885లో దీన్‌దయాళ్ వైస్రాయ్ ఫొటోగ్రాఫర్‌గా నియమితులయ్యారు. అయినా తొందరపడలేదు. సర్కారు కొలువుకు రాజీనామా ఇవ్వడానికి ముందు రెండేళ్ల సెలవు తీసుకున్నారు. మొదలుపెట్టిన కట్టడాల చిత్రాలను పూర్తి చేసుకోవడం, కేవలం కెమెరా మీద ఇల్లు గడుస్తుందా లేదా చూసుకోవడం ఆ సెలవుకాలంలో రెండూ జరిగాయి. సెలవు ముగిశాక ఆయన తిరిగి కార్యాలయానికి వెళ్లలేదు. అప్పటికి వయసు నలభై దాటింది. ఇద్దరు కుమారులు, జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఉన్నారు. నలభై దాటిన గృహస్థు స్థిరమైన జీతం వదులుకోవడం నేటికీ ఇంట్లో నలుగురూ ఒప్పుకునే సంగతి కాదు. అంచనాలు వేయడమే వృత్తిగా గడిపిన మనిషి కనుక ఆ తెగింపును కూడా అంచనా వేసుకునే చేశారని అనిపిస్తుంది.

దక్కనులో స్థిరనివాసం

ఆ తరువాత ఆయన చూపు హైదరాబాద్ వైపు మళ్లింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1884లో పూర్తి పాలనాధికారాలు చేపట్టారు. యువ ప్రభువు, సంపన్నమైన సంస్థానం, పక్కనే సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సేనల భారీ దండు.. ఫొటోగ్రాఫర్‌కు ఇంతకన్నా అనువైన చోటు దేశంలో మరెక్కడ దొరుకుతుంది? ఒకవైపు దర్బారు పని, మరోవైపు దండులోని అధికారులు, వారి కుటుంబాలు. అధికారులకు బదిలీలు సహజం. వచ్చిన ప్రతివారూ స్వదేశంలోని బంధువులకు పంపుకునేందుకు బొమ్మలు తీయించుకునేవారు. దీన్‌దయాళ్ 1880వ దశకం రెండో భాగంలో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా నియమితులయ్యారు. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. ఉమరాలకు, సేనానులకు దక్కే జంగ్ బిరుదు కెమెరా పట్టిన వ్యక్తికి దక్కడం ఆనాటి దర్బారులో విశేషమే.

ఫలక్‌నుమా, చౌమహల్లా వంటి ప్రాసాదాలు, చార్మినార్ వీధులు, సేనల కవాతులు, విందులు, వేటలు, విదేశీ అతిథుల రాకలు.. నిజాం రాజ్య వైభవంలో నేడు మనం కళ్లతో చూడగలుగుతున్నదంతా చాలావరకు ఆయన గాజు పలకల పుణ్యమే. 1899-1900 కరువులో ఔరంగాబాద్ ప్రాంతంలో తీసిన సహాయ కార్యక్రమాల చిత్రాలు కూడా ఆయన సంస్థవి ఉన్నాయి. వాటిలో బక్కచిక్కిన దేహాలు వరుసల్లో కూర్చుని కనిపిస్తాయి. ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ చిత్రాలు సర్కారు చేసిన మేలును చూపేందుకు తీయించినవి. ఏది తీయాలన్నది డబ్బు చెల్లించేవారు నిర్ణయించేవారు. సంస్థానంలోని రైతు, కూలీ, నేతగాడు తమంతట తాముగా ఆయన కెమెరా ముందుకు వచ్చిన సందర్భాలు తక్కువ. సరదాకు తీసినపుడు ఉన్న స్వేచ్ఛ వృత్తిగా మారాక అంతే ఉండదన్నది ఈ ఆల్బమ్‌లు తిరగేసే వారికి తెలిసివస్తుంది.

ప్రభువులను మాత్రమే నమ్ముకుంటే వృత్తి నిలవదన్న ఎరుక కూడా దీన్‌దయాళ్‌కు ఉన్నట్లే తోస్తుంది. వైస్రాయ్‌లు నాలుగైదేళ్లకు ఒకరు చొప్పున మారిపోయేవారు. డఫరిన్ వెళ్లి లాన్స్‌డౌన్, ఆయన వెళ్లి ఎల్గిన్ వచ్చారు. అందుకే దర్బారు పనితో పాటు స్టూడియోకు వచ్చి రుసుము చెల్లించే గిరాకీని ఆయన పెంచుకుంటూ పోయారు. కట్టడాల చిత్రాలను వరుస సంఖ్యలు వేసి అమ్మకానికి ఉంచారు. నెగెటివ్ ఒక్కటే అయినా దాని నుంచి ఎన్ని ప్రింట్లయినా తీయవచ్చు. ఒకసారి పడిన శ్రమ ఏళ్ల తరబడి రాబడి ఇస్తుంది. పొడి గాజు పలకలు వాడుకలోకి రావడంతో ప్రయాణాల్లో పని కూడా తేలికయింది.

ఆయన వ్యాపార సూక్ష్మానికి మచ్చుతునక 1892లో హైదరాబాద్‌లో ప్రారంభించిన జనానా స్టూడియో. ఘోషా పాటించే కులీన స్త్రీలు పరపురుషుని కెమెరా ముందు కూర్చోవడం ఆనాడు ఊహించరానిది. సంస్థానంలో సగం మంది సంపన్నులు దీనివల్ల గిరాకీ కాకుండా పోతున్నారు. ఈ చిక్కు తొలగించేందుకు స్త్రీలకే ప్రత్యేకించిన స్టూడియోను ఏర్పాటు చేసి, దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. స్త్రీలు నిస్సంకోచంగా వచ్చి బొమ్మలు తీయించుకునే వీలు కలిగింది. బొమ్మ తీసే పని ఆడవారి చేతికి రావడం అన్నది దేశంలో ఇంకా కొత్త విషయంగా ఉన్న కాలమది.

1893లో అమెరికాలోని చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు పురస్కారం లభించింది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా మహారాణి ఫొటోగ్రాఫర్‌గా రాజముద్ర హోదా దక్కింది. అప్పటికి కుమారులు కూడా పనిలోకి వచ్చి, సంస్థ రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్‌గా వ్యవహారంలోకి వచ్చింది. పాతికేళ్ల కిందట ఇండోర్‌లో తీరిక వేళల్లో పలకలు కడుక్కున్న ఉద్యోగి వద్ద ఇపుడు ఎందరో ఉద్యోగులు పనిచేస్తున్నారు.

ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు మన పట్టణాల్లో, మండల కేంద్రాల్లో ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఫ్రాన్స్‌కు చెందిన లూయీ డాగురె చిత్రపటానికి పూలమాలలు వేయడం ఆనవాయితీ. ఆ పక్కన సికింద్రాబాద్ వాసి పటం కూడా ఒకటి ఉంటే తప్పులేదు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫొటోలు తీస్తూ దాన్నే బతుకుతెరువు చేసుకోవాలా, ఉన్న ఉద్యోగంలో కొనసాగాలా అని తర్జనభర్జన పడే యువకులు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు.

చివరి రోజులు

1903 ఢిల్లీ దర్బారును చిత్రించడం ఆ సంస్థ చేపట్టిన చివరి పెద్ద పనుల్లో ఒకటి. మరుసటి ఏడే, 1904లో, కుమారుడు ధరమ్‌చంద్ కన్నుమూశారు. కెమెరా పనిలో తండ్రికి కుడిభుజంగా నిలిచిన కొడుకు పోవడం ఆ ఇంటిని కుంగదీసింది. 1905 జూలై 5న దీన్‌దయాళ్ పరమపదించారు. పెద్దకుమారుడు జ్ఞాన్‌చంద్ సంస్థను నడిపించారు గానీ పూర్వవైభవం నిలవలేదు. అప్పటికే చేతిలో పట్టే చిన్న కెమెరాలు బజారులోకి వచ్చాయి. బొమ్మ తీసుకోవాలనుకునే దొరలు సొంతంగా తీసుకోవడం మొదలుపెట్టారు. 1911లో ఆరో నిజాం మరణంతో దర్బారులో ఆనాటి ఆదరణ కూడా కనుమరుగైంది.

గాజు నెగెటివ్‌లు మాత్రం తరాల పాటు వారసుల వద్ద మిగిలాయి. తేమకు పూత ఊడిపోయే, చేయి జారితే ముక్కలయ్యే వస్తువులవి. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని కుటుంబం నుంచి సేకరించి భద్రపరచింది. వాటి సంఖ్య 2,857. తపాలా శాఖ 2006లో దీన్‌దయాళ్ స్మారక బిళ్లను విడుదల చేసింది.