కమ్మరి కొడుకు ఫారడే, మా పగిలిన స్లైడ్లు

మాది ఎమ్మిగనూరు. నాయన ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోతాడు, పొద్దున్నే బస్సెక్కి. ఫైనలియర్ ప్రాజెక్టు ఎలక్ట్రోకెమికల్ స్పార్క్ మెషినింగ్ అని ఇంట్లో చెప్తే, అందులో ఏం పోస్తారని అడిగాడు. కాస్టిక్ సోడా నీళ్ళు అన్నా. మన వీధిలో నూలుకు రంగేసేటోళ్ళు వాడేది అదే కదా, దానికి ఇంజినీరింగు చదవాల్నా అన్నాడు. దానికి జవాబు వెతుకుతూ పోతే నాకు మైకేల్ ఫారడే దొరికాడు. ఇంటర్లో ఆయన సూత్రాలు రెండూ రాసి మార్కులు తెచ్చుకున్నా గానీ, మనిషి ఎవరో అప్పుడు పట్టించుకోలేదు.

1791లో లండన్ దగ్గర పుట్టాడు. తండ్రి కమ్మరి, పైగా జబ్బు మనిషి. 1801లో ధాన్యం ధర మండిపోయినప్పుడు ఈ పిల్లోడికి వారానికి ఒక రొట్టె ఇచ్చేవాళ్ళట, వారమంతా దాంతోనే గడుపుకోవాలి. అది చదివినప్పుడు మా జేజి గుర్తొచ్చింది. 1952 కరువులో గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని నిలబడిన సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో!

పద్నాలుగేళ్ళకు పుస్తకాలు బైండు చేసే షాపులో పనికి చేరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. అర్ధపెన్నీ నాణేలు, జింకు బిళ్ళలు, ఉప్పునీటిలో తడిపిన కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి సొంతంగా బ్యాటరీ చేసుకున్నాడు. 1812లో ఎవరో టికెట్లిస్తే హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు పోయి, నోట్సు రాసి, తానే బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటేడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం వచ్చింది. డేవీతో యూరప్ తిరిగినప్పుడు మాత్రం సగం శాస్త్రం, సగం పనిమనిషి చాకిరీ. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణ కనుక్కున్నాడు. అది అందరికీ తెలిసిందే, అక్కడ ఆగను.

నాకు కావల్సింది 1833, 34. ద్రావణంలో ఎంత విద్యుత్తు పోతే అంత పదార్థం విడిపోతుందని కొలిచి చూపించాడు. ఎలక్ట్రోడ్, ఎలక్ట్రోలైట్, ఆనోడ్, కాథోడ్, అయాన్ అనే మాటలు కూడా అప్పటివే. తనకు గ్రీకు రాదు కాబట్టి, వచ్చినవాళ్ళను అడిగి పెట్టుకున్నాడు. అడగడానికి సిగ్గుపడలేదు, అది నాకు నచ్చింది.

మా సెటప్పులో సన్నని టూలే కాథోడ్. కరెంటిస్తే దాని చుట్టూ హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. ఇంతవరకు ఫారడే లెక్కే. వోల్టేజి పెంచుతూ పోతే, కాన్సంట్రేషన్‌ను బట్టి 30 వోల్టుల అటూఇటూ, బుడగలన్నీ కలిసి టూలును దుప్పటిలా కప్పేస్తాయి. ఆ పొరను చీల్చుకుని నిప్పురవ్వలు పుడతాయి. అవే గాజును కరిగిస్తాయి, వేడెక్కిన క్షారం మిగతాది తినేస్తుంది. గాజులో కరెంటు పారదు కాబట్టి మామూలు స్పార్క్ మెషినింగ్ దానిమీద పనిచేయదు, అందుకే ఈ తిప్పలు. వోల్టేజి పెంచితే బొక్క తొందరగా పడుతుంది, కానీ వెడల్పై అంచు పగులుతుంది. కాన్సంట్రేషన్ పెంచితే రవ్వలు పెరుగుతాయి, అదీ ఒక హద్దు వరకే. లోతుకు పోయేకొద్దీ అడుక్కి ద్రావణం చేరక పని నెమ్మదిస్తుంది.

గాజు అంటే ఫారడేకూ తిప్పలే. టెలిస్కోపులకు మంచి గాజు చేయమని 1825లో రాయల్ సొసైటీ కమిటీలో వేశారు. 1827 నుంచి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే కొలిమి పెట్టుకుని, సార్జెంట్ ఆండర్సన్ అనే ఒకే సహాయకుడితో కుస్తీ పట్టాడు. అనుకున్న గాజు రాలేదు, 1831కల్లా వదిలేశాడు. కాకపోతే ఆ బరువైన సీసపు గాజు ముక్క పారేయలేదు. 1845లో అదే ముక్కలోంచి కాంతిని పంపి, అయస్కాంతం ధ్రువిత కాంతిని తిప్పుతుందని చూశాడు.

రోజూ చేసింది పేరాలకు నంబర్లు వేసుకుంటూ డైరీలో రాసేవాడు, నంబర్లు పదహారు వేలు దాటాయి. పనిచేయని ప్రయోగాలు కూడా అందులోనే. 1862 మార్చిలో, జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నాక, మంటలోంచి వచ్చే వర్ణరేఖలను అయస్కాంతం మారుస్తుందేమోనని వెతికాడు. ఏమీ కనిపించలేదు. కనిపించలేదనే రాసిపెట్టాడు. ఆ సంగతి చదివిన జీమన్, ఇంకా మంచి పరికరాలతో 1896లో ఆ మార్పును పట్టుకున్నాడు. అప్పటికి ఫారడే పోయి ఇరవైతొమ్మిదేళ్ళు.

ఇదంతా చదివింది రివ్యూకు వారం ముందు. ఎక్కువ వోల్టేజి దగ్గర మా స్లైడ్లు వరసగా పగిలాయి. ఆ రీడింగులు తీసేసి గీత నున్నగా గీద్దామని మా బ్యాచ్‌లో ఒకడన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ సరేనన్నా, ఎక్సెల్‌లో ఆ వరుసలు డిలీట్ చేసింది నేనే. ఆ రాత్రి మళ్ళీ కూర్చుని రికార్డు బుక్కు చూసి అన్నీ ఎక్కించా. పగిలిన ప్రతి స్లైడు పక్కన వోల్టేజి, కాన్సంట్రేషన్, ఎంతసేపటికి పగిలిందీ రాశా. గ్రాఫు పైకెళ్ళి అక్కడ తెగిపోయింది.

రివ్యూలో సారు ఎక్కువసేపు అడిగింది ఆ వరుసల గురించే. సగానికే జవాబు చెప్పగలిగాం. ఇంటికి పోయినప్పుడు నాయనకు రెండు స్లైడ్లు చూపించా. బొక్క సక్కగా పడినదాన్ని పక్కన పెట్టి, పగిలినదాన్ని చాలాసేపు వెలుతురుకు పెట్టి చూశాడు.