ఫెర్డినాండ్ పోర్షే

ఫెర్డినాండ్ పోర్షే (సెప్టెంబరు 3, 1875 - జనవరి 30, 1951) సుప్రసిద్ధ వాహన ఇంజనీరు. ఇతడు బొహీమియాలోని (నేటి చెక్ రిపబ్లిక్) మాఫెర్స్‌డార్ఫ్‌లో రేకుపని చేసేవారి కుటుంబంలో జన్మించాడు. 1931లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో సొంత సంస్థను స్థాపించాడు. అదే సంవత్సరం టార్షన్ బార్ సస్పెన్షన్‌కు పేటెంటు కోరాడు. ఈ పద్ధతిలో చుట్టల స్ప్రింగుకు బదులుగా ఉక్కు కడ్డీ మెలితిరుగుతూ కుదుపులను భరిస్తుంది. హిట్లరు ప్రభుత్వం కోసం ఇతడు రూపొందించిన ఫోక్స్‌వాగన్ కారులో దీనినే వాడారు.

యుద్ధకాలంలో, ఇతడు నిర్వహణ బాధ్యత వహించిన ఫోక్స్‌వాగన్ కర్మాగారంలో వేలాదిమంది చేత నిర్బంధంగా పనిచేయించారు. 1945లో ఫ్రెంచివారు ఇతడిని అరెస్టు చేసి, 1947లో విడుదల చేశారు.

ఇతడి మరణానంతరం వెలువడిన పోర్షే 911 స్పోర్ట్స్ కారులోనూ 1989 వరకు టార్షన్ బార్లే ఉండేవి. ముందు కడ్డీలకు కర్మాగారంలోనే అమర్చిన సర్దుబాటు బోల్టులను వదులు చేస్తే, విడిభాగాలేవీ మార్చకుండానే కారు ముందుభాగం కిందికి దిగుతుంది. ఆపై చక్రాల అమరికను తిరిగి సరిచేయాలి.