బీదల యిండ్లు కట్టిన లారీ బేకర్ గారు



గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని లూకా సువార్త 14వ అధ్యాయములో మన ప్రభువు బోధించెను. అయినను గోడలు లేపి, కప్పు వేయలేక, అప్పులలో దిగిన కుటుంబములు మన అనంతపురము మెట్టసీమ గ్రామములలో కొన్ని యున్నవి. ఆ లెక్కను బీదల పక్షమున జీవితకాలమంతయు చూచిన యొక ఆర్కిటెక్టు, అనగా ఇండ్లకు ప్లానులు గీసి కట్టించువాడు, ఉండెను. ఆయన చరిత్రను ఈ నెల వ్రాయుచున్నాను.

లారెన్స్ విల్‌ఫ్రెడ్ బేకర్ గారు 1917 మార్చి 2వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణమున మెథడిస్టు కుటుంబములో జన్మించిరి. అందరును లారీ బేకర్ అని పిలుచుచుండిరి. యౌవనమున క్వేకరుల సంఘములో చేరిరి. యుద్ధము చేయుట క్రైస్తవునికి తగదని నమ్మువారు ఈ క్వేకరులు. బేకర్ గారు తమ పట్టణములోనే ఆర్కిటెక్చరు చదువు ముగించిన కొలది కాలమునకు రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. వారు తుపాకి పట్టలేదు. క్వేకరుల ఆంబులెన్సు దళముతో చైనాకు పోయి గాయపడినవారికిని కుష్ఠురోగులకును పరిచర్య చేసిరి.

చైనానుండి స్వదేశమునకు మరలుచు, ఓడకొరకు బొంబాయిలో కొన్ని నెలలు కనిపెట్టుకొని యుండగా గాంధీగారిని కలిసికొనిరి. పాతగుడ్డలతో చేసిన చెప్పులు బేకర్ గారి కాళ్లకుండెను. గాంధీగారి దృష్టి వాటిమీద పడెనట. మాటలలో, ఇల్లు కట్టుటకు కావలసిన సామాను ఆ స్థలమునకు అయిదు మైళ్లలోపల దొరకునదై యుండవలెనని గాంధీగారు అభిప్రాయపడిరి. బేకర్ గారు ఆ మాట మరువలేదు.

1945లో కుష్ఠురోగుల మిషను తరఫున ఇండియాకు తిరిగివచ్చిరి. అంతకుముందు ఈ రోగులను ఊరివెలుపల ఆశ్రమములలో ఉంచుటయే గాని స్వస్థపరచుట యరుదు. క్రొత్త మందులు వచ్చినందున ఆ ఆశ్రమములను ఆస్పత్రులుగా మార్చవలసి వచ్చెను. ఆ కట్టడపు పని బేకర్ గారిది. ఫైజాబాదులో డాక్టరు చాందీ గారి యింట కొన్ని నెలలు బసచేసిరి. చాందీ గారు జబ్బుపడగా ఆయన సహోదరి డాక్టరు ఎలిజబెత్ గారు ఆ పని చూచుటకు వచ్చిరి. ఆమె అంతకుముందు మన హైదరాబాదులో అదే మిషను పనిలో నుండిరి. ఇరుపక్షముల బంధువులును ఒప్పుకొననందున ఓపికతో ఆగి, 1948లో వీరిద్దరు వివాహము చేసికొనిరి.

పెండ్లియైన పిమ్మట హిమాలయములలోని పిథోరాగఢ్ ప్రాంతమునకు పోయి, వైద్యములేని ఆ కొండజనులకు ఆస్పత్రి కట్టి సుమారు పదునైదేండ్లు అక్కడనే నివసించిరి. ఆమె వైద్యము చేయగా ఆయన కట్టడములు చూచుచు, ఆస్పత్రిలో చేతిసాయము కూడ చేయుచుండిరి. బేకర్ గారి అసలు చదువు అక్కడ మొదలాయెనని నా తలంపు. ఇంగ్లండునుండి తెచ్చిన పుస్తకములలో బురదమట్టి గోడ లేదు, పేడతో అలుకుట లేదు, చెదపురుగుల ఊసు లేదు. అక్షరము రాని కొండపనివాండ్రు తమ రాతితో, మట్టితో, కొయ్యతో చలికిని వానకును నిలుచు ఇండ్లు కట్టుచుండిరి. పట్టా పొందిన ఆర్కిటెక్టు వారియొద్ద శిష్యునివలె కూర్చుండెను. మన బేల్దారి తాతలయొద్ద ఏ యింజనీరు అట్లు కూర్చుండెనో నేను చూడలేదు.

1963లో కేరళకు దిగివచ్చి, కొంతకాలము వాగమన్ కొండలలో నుండి, తరువాత తిరువనంతపురమున స్థిరపడిరి. 1970 తరువాత అక్కడ కట్టిన అభివృద్ధి అధ్యయన కేంద్రము వారికి పేరు తెచ్చెను. అయినను చిన్న ఆదాయముగలవారి యిండ్లే వారి ముఖ్యమైన పని. ఇటుకలను పడుకొనబెట్టక అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ విడిచి గోడ కట్టించిరి. తొమ్మిది అంగుళముల గోడకు ఇటుకలలో సుమారు నాలుగవవంతు మిగులును. నడుమనున్న గాలి ఎండవేడిమిని ఆపును. సిమెంటు కప్పులో అడుగుభాగపు కాంక్రీటు బరువు మోయుటలో అంతగా సాయపడదు గనుక, అక్కడ పాత పెంకులు పెట్టించి సిమెంటును ఇనుమును తగ్గించిరి. కిటికీకి గోడకంటె ఎన్నో రెట్లు ఖర్చగునని, అనేకచోట్ల ఇటుకల సందులతోనే గాలియు వెలుతురును రానిచ్చిరి. ఇటుకమీద సిమెంటుపూత పూయించుట వారికి ఇష్టములేదు. ప్లానును చిత్తుకాగితముమీద గీసికొని, ప్రతిదినము పనిస్థలమున తాపీవారితో నిలిచి, చెట్టు అడ్డమువచ్చినయెడల గోడనే వంచెడివారు. ఈ పద్ధతులకు జాగ్రత్తగల పనివాడు కావలెను. అజాగ్రత్తపరుని చేతిలో నిలువు ఇటుకల గోడ చెడిపోవును.

అయితే కేరళ యిల్లు మనకు సరిపడునా? అక్కడ కుండపోత వాన, గనుక వాలు కప్పు. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే. మన పెద్దలు మూరెడు దళసరి రాతిగోడలు లేపి, దూలములమీద దంతెలు పరచి, చవుడుమట్టి వేసి మట్టిమిద్దెలు కట్టిరి. మండువేసవిలో వాటిలో నిద్రపట్టును. ఇప్పుడు వాటిని బీదతనపు గుర్తుగా ఎంచి కూలద్రోసి, అప్పుతెచ్చి పలుచని సిమెంటు మిద్దెలు వేసి, రాత్రులు వీధిలో మంచములు వేసికొనుచున్నాము. ఏటేట చవుడు వేయుట, తేళ్లు దిగుట, వాన పట్టినప్పుడు కారుట, ఈ కష్టములు నిజమే. మిద్దె విడిచినవారిని నేను నిందింపను. కాని బేకర్ గారే మన యూరికి వచ్చియుండినయెడల ఇటుకను అడుగుటకు ముందు మన గుట్టలోని రాయిని, తాడిపత్రి బండలను చూచియుందురు.

వారు తమ పద్ధతులను దాచుకొనలేదు. బొమ్మలు గీసి, సులభమైన మాటలతో చిన్న పుస్తకములు వ్రాసి, ఎవరైనను వాడుకొనునట్లు విడిచిరి. 1985లో, అంతకుముందు ముఖ్యమంత్రిగా నుండిన అచ్యుత మీనన్ గారు, ఆర్థికశాస్త్రజ్ఞులు కె. ఎన్. రాజ్ గారు మొదలైనవారితో కలిసి కాస్ట్‌ఫోర్డు అను సంస్థను స్థాపించిరి. తాపీవారును యువ ఆర్కిటెక్టులును అచ్చట పనిస్థలముననే ఈ విద్య నేర్చుకొనిరి. భారత పౌరసత్వము పొందిన బేకర్ గారికి 1990లో ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను.

తిరువనంతపురములోని నాలంచిరలో రాతివాలుమీద తమ యిల్లు తామే కొంచెము కొంచెముగా కట్టుకొనిరి. పాత కొయ్యలు, పగిలిన పెంకులు గోడలలో ఇమిడ్చిరి. వెలుతురుకు రంగుసీసాలు పొదిగించిరి. 2007 ఏప్రిల్ 1వ తేదీన, తొంబదియేండ్ల వయస్సున, ఆ యింటనే కన్నుమూసిరి.