నాయకుడు పోయినా నిలిచిన పని

బ్రహ్మోస్ క్షిపణి వీడియో వచ్చిందంటే ఆదోని, ఎమ్మిగనూరు గ్రూపులన్నీ దాన్నే తిప్పుతాంటాయి. ఆ పేరులో సగం బ్రహ్మపుత్ర, సగం రష్యాలోని మాస్క్వా నది. ఆ రష్యా సగం వెనకాల ఒక మనిషి ఉండాడు, వ్లదీమిర్ చెలొమేయ్. ఆయప్ప కత మన రాజకీయాల కత మాదిరే ఉంటాది, అందుకే చెప్తాండా.

1914లో పుట్నాడు. అమ్మానాయన టీచర్లు. కీవ్‌లో ఇంజనీరు చదివి, 1944లో ముప్పై ఏండ్లకే మాస్కోలో 51వ నంబరు ఫ్యాక్టరీకి పెద్ద అయినాడు. జర్మనోళ్ల వి-1 లాంటి ఎగిరే బాంబు చేసేది ఆయన పని. 1953లో పైవాళ్లు ఆ డిజైన్ సంస్థను మూసేసి, మిగ్ విమానాలు చేసే మికోయన్ వాళ్లకు అప్పజెప్పినారు.

ఊరుకోలేదు. 1955లో మాస్కో పక్కన రెవుతొవ్‌లో మళ్లీ మొదలుపెట్నాడు. క్షిపణి రెక్కల్ని మడిచి గొట్టంలో పెట్టి, బయటికి ఎగిరినాక వాటంతట అవే తెరుచుకునేట్ల చేసినాడు. ఇరుకు జలాంతర్గామిలో ఆ ఉపాయం బాగా పనికొచ్చె.

1958లో దేశాన్ని ఏలే క్రుశ్చేవ్ కొడుకు సెర్గెయ్ అదే సంస్థలో ఇంజనీరుగా చేరినాడు. ఇంకేముంది, పనులు, డబ్బులు వద్దన్నా వచ్చె. 1964లో క్రుశ్చేవ్ దిగిపాయె. వెంటనే చెలొమేయ్ మీదికి తనిఖీలు దిగె. ఆయన ప్రోటాన్ రాకెట్ మాత్రం 1965లో ఎగిరింది, నిలిచింది. 1998లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొదటి భాగాన్ని మోసింది అదే. రక్షణ మంత్రి ఉస్తినోవ్‌కు ఆయనంటే గిట్టేది కాదు. 1984 డిసెంబరు 8న చెలొమేయ్ పోయినాడు. పన్నెండు రోజులకే ఉస్తినోవూ పోయినాడు.

సోవియట్ కూలినాక సంస్థకు డబ్బుల్లేవు. అయినా చేతిలో పని ఉంది, ఒనిక్స్ అనే క్షిపణి. 1998లో మన దేశంతో ఒప్పందం కుదిరె. 2001 జూన్ 12న ఒడిశాలోని చాందీపూర్ నుంచి బ్రహ్మోస్ ఎగిరె.

క్షిపణి మనుషుల్ని చంపే వస్తువే, దానికి మొక్కమని నేను చెప్పను. చూడాల్సింది వేరే ఉండాది. నాయకుని అండతో వచ్చింది నాయకునితోనే పాయె. పని నేర్చిన చేతులు మాత్రం మిగిలినాయి. మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతగాళ్ల సొసైటీ నిలబెట్టింది కూడా పని తెలిసిన చేతుల్ని నమ్మే.

ఏటా సుగ్గికి పోయే మన ఊర్లలో పిల్లోళ్లు నాయకుని వెనక జెండా పట్టుకుని తిరుగుతాండారు, ఒక రికమెండేషన్ కోసం. ఆ నాయకుడు ఓడితే మీ గతేంది? ఈసారి ఓటుకు వచ్చినప్పుడు రికమెండేషన్ అడగొద్దు. మండలంలో లేతు మిషన్లు, వెల్డింగు నేర్పే మంచి ఐటీఐ అడగండి. రాసియ్యమనండి.