ఆట, జపం, పాఠం: అర్చ్యశిష్ట డాన్ బోస్కో చూపిన బాట

బడి వదిలి ఇంటికొచ్చిన పిల్లవాడు ముందు ఆడుకోవాలా, పుస్తకం పట్టాలా, జపానికి కూర్చోవాలా? సాగర్ హిల్‌కాలనీలోనైనా, మిర్యాలగూడలోనైనా, కోదాడ, సూర్యాపేటల్లోనైనా మన కతోలిక కుటుంబాల్లో ప్రతి సాయంత్రం తలెత్తే ప్రశ్న ఇది. ట్యూషన్ ముగిసేసరికి చీకటి పడుతుంది. ఆటకు సమయం చాలదు. ఆడుతున్న పిల్లవాణ్ణి చెవి పట్టుకుని తెచ్చి జపమాల చేతికిస్తే వాడికి జపమంటేనే కష్టమనిపిస్తుంది. అలాగని వదిలేస్తే జ్ఞానోపదేశం అటకెక్కుతుంది. ఏటా జనవరి 31న శ్రీసభ ఎవరి పండుగ జరుపుకుంటుందో ఆ అర్చ్యశిష్ట జాన్ బోస్కో తన జీవితమంతా ఈ ప్రశ్నతోనే గడిపారు.

ఆయన 1815 ఆగస్టు 16న ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, బెక్కీ అనే చిన్న పల్లెలో పేద రైతు కుటుంబంలో పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి ఫ్రాన్సిస్ చనిపోయాడు. తల్లి మార్గరీత ముగ్గురు మగపిల్లలను, ముసలి అత్తగారిని ఒంటిచేత్తో పోషించింది. ఆమెకు చదవడం, రాయడం రాదు. అయినా జ్ఞానోపదేశ పాఠాలన్నీ నోటికి వచ్చు. ఉదయం, సాయంత్రం పిల్లలతోపాటు తానూ మోకరించి జపం చెప్పేది. జాన్‌ను మొదటి పాపసంకీర్తనానికీ, మొదటి సత్ప్రసాదానికీ సిద్ధం చేసింది ఆమే.

జాన్ చురుకైనవాడు. సంతలకు వెళ్లి గారడీవాళ్లు, దొమ్మరివాళ్లు చేసే విద్యలను కన్నార్పకుండా చూసేవాడు. ఇంటికొచ్చి, పడుతూ లేస్తూ వాటిని సాధన చేసేవాడు. ఆదివారం రెండు చెట్ల మధ్య తాడు కట్టి దానిమీద నడిచేవాడు. ఊరివాళ్లంతా చూడటానికి చేరేవారు. అయితే ఆ వినోదానికి ఒక రుసుము ఉండేది. ముందు అందరూ జపమాల చెప్పాలి. ఉదయం గుడిలో విన్న ప్రసంగాన్ని జాన్ తిరిగి చెబుతుంటే వినాలి. ఆ తరువాతే గారడీ. జపానికి రానివారికి ఆట చూసే వీలు లేదు.

ఇక్కడ తల్లి పాత్రను గమనించాలి. కొడుకు చేసేదంతా ఆమెకు తెలుసు. అతడు ఆమెకు చెప్పకుండా ఏదీ చేసేవాడు కాదు. ఆమె వద్దనలేదు, తిట్టలేదు. గమనిస్తూనే కావలసినవి సమకూర్చింది. మారు అన్న ఆంటొనీకి మాత్రం తమ్ముడి పుస్తకాలంటే గిట్టేది కాదు. పొలం పని చేసే ఇంట్లో లాటిన్ ఎందుకని గొడవపడేవాడు. ఆ పోరు పడలేక 1828లో తల్లి జాన్‌ను మొగ్లియా అనే కుటుంబం వారి పొలంలో పనికి పంపవలసి వచ్చింది. అప్పటికి అతడికి పదమూడేళ్లు కూడా నిండలేదు. పిల్లవాడి చదువు, ఆట, భక్తి అన్నీ ఇంట్లోని శాంతి మీదే ఆధారపడి ఉంటాయని ఆ తల్లి అనుభవపూర్వకంగా తెలుసుకుంది.

1831లో కియెరి పట్టణంలో చదువుకు చేరాక జాన్ తోటి విద్యార్థులతో ఆనంద సంఘం ఒకటి స్థాపించాడు. దాని నియమాలు కొద్దే. మంచి క్రైస్తవుడికి తగని మాట, పని ఉండకూడదు. చదువులోనూ భక్తిలోనూ కర్తవ్యం తప్పకూడదు. ఆదివారాల్లో వీళ్లంతా జ్ఞానోపదేశానికి వెళ్లేవారు. ఒకసారి ఊళ్లోకి ఒక దొమ్మరివాడు వచ్చి సరిగ్గా అదే వేళకు ఆటలు పెట్టసాగాడు. పిల్లలు గుడి మాని అటు పోసాగారు. జాన్ వాడితో పందెం కట్టాడు. పరుగులో, దూకడంలో, కర్ర విద్యలో, చెట్టెక్కడంలో వరుసగా గెలిచాడు. ఓడినవాడి డబ్బంతా పోయింది. జాలిపడ్డ మిత్రులు డబ్బు తిరిగి ఇచ్చేసి, బదులుగా ఒక విందు మాత్రం పెట్టించుకున్నారు. జాన్‌కు ఆటతో పేచీ లేదు. దేవుని వేళను ఆట మింగేయడంతోనే పేచీ.

1841 జూన్ 5న టూరిన్‌లో గురుపట్టం పొందారు. డాన్ అనేది ఇటలీలో గురువులను పిలిచే గౌరవపదం. ఆ రోజుల్లో పల్లెల నుంచి వందలాది బాలురు పని వెదుక్కుంటూ ఆ నగరానికి చేరేవారు. తాపీ పని, ఇటుకల మోత, పొగగొట్టాలు తుడవడం వాళ్ల బతుకు. కొందరు దొంగతనాల్లో పడి చెరసాల పాలయ్యేవారు. విడుదలైనా పలకరించే దిక్కులేక మళ్లీ అక్కడికే చేరడం డాన్ బోస్కో కళ్లారా చూశారు. సాగర్‌వాసులకు ఆ బాలుర కథ పరాయిది కాదు. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగాక రాళ్లు మోయడానికి ఎన్నో ప్రాంతాల కూలి కుటుంబాలు సొంత ఊళ్లు విడిచి ఇక్కడికి వచ్చాయి.

1841 డిసెంబరు 8, నిష్కళంక మాత పండుగ. పూజకు సిద్ధమవుతుండగా, చలికి గుడిలోకి వచ్చిన ఒక తాపీ కుర్రవాణ్ణి గుడి సేవకుడు కొట్టి తరిమాడు. డాన్ బోస్కో వాణ్ణి స్నేహితుడిగా చెప్పుకుని వెనక్కి పిలిపించారు. పేరు బర్తలోమేయు గరెల్లి. పదహారేళ్లు. తల్లిదండ్రులు లేరు, చదువు రాదు. పూజ తరువాత ఆయన మంగళవార్త జపం చెప్పి, సిలువ గురుతు వేసుకోవడం నేర్పారు. తరువాతి ఆదివారం వాడు మిత్రులను తీసుకొచ్చాడు. ఆ గుంపే పెరిగి ఒరేటరీ అయింది.

అక్కడి ఆదివారం ఇలా సాగేది. ఉదయం పాపసంకీర్తనం, దివ్యపూజ, ఆపైన ఆటలు. మధ్యాహ్నం జ్ఞానోపదేశం, ఆశీర్వాదం, మళ్లీ చీకటి పడేదాకా ఆటలు. గోల భరించలేక ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే చోటు మారవలసి వచ్చేది. కొందరు ఆయనకు పిచ్చి పట్టిందనుకున్నారు. చివరకు 1846 ఏప్రిల్ 12న, పాస్కా పండుగనాడు, వాల్డొక్కోలో ఒక పాక దొరికింది. ఆ ఏడు జూలైలో ఆయన జబ్బుతో చావు అంచుకు వెళ్లారు. బాలుర ప్రార్థనలు ఆయనను నిలబెట్టాయి. నవంబరు 3న తల్లి మార్గరీత కూడా ఆయన వెంట వచ్చి ఆ బాలురందరికీ తల్లి అయింది.

ఒకనాడు యుద్ధం ఆట ఆడుతూ పిల్లలు ఆమె పెంచుకున్న కూరగాయల మడులన్నీ తొక్కేశారు. విసిగిన తల్లి పల్లెకు వెళ్లిపోతానంది. కొడుకు మాట్లాడకుండా గోడమీది సిలువను చూపించారు. ఆమె ఆగిపోయింది. 1856 నవంబరు 25న మరణించేవరకు అక్కడే ఉంది. పిల్లలను ఆడనివ్వడం పెద్దలకు సుఖమైన పని కాదు. మడులు తొక్కుడుపడతాయి.

1854లో వచ్చి చేరిన దొమినిక్ సావియో పునీతుడు కావాలన్న తపనతో ఆటలు మాని ముభావంగా ఉండసాగాడు. డాన్ బోస్కో వాడికి ఉపవాసాలు విధించలేదు. సంతోషంగా ఉండమని, చదువు, జపం తప్పక చేసి తోటివారితో ఆడుకోమని చెప్పారు. పదిహేనేళ్లు నిండకముందే, 1857 మార్చి 9న దొమినిక్ కన్నుమూశాడు. 1954లో శ్రీసభ అతణ్ణి పునీతుడిగా ప్రకటించింది.

వృద్ధాప్యంలో, 1884 మే నెలలో, డాన్ బోస్కో రోమ్ నుంచి తన ఇంటివారికి ఒక ఉత్తరం పంపారు. గురువులు పిల్లలతో కలిసి ఆడటం మానేసి దూరంగా నిలబడి కాపలా కాస్తున్నారనేది అందులో ఆయన బాధ. పిల్లలను ప్రేమిస్తే చాలదు, ఆ ప్రేమ వాళ్లకు తెలియాలన్నది ఆయన బోధ. 1888 జనవరి 31న దేవునిలో నిద్రించారు. 1934 ఏప్రిల్ 1న పదకొండవ పయస్ పోపుగారు ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆయన స్థాపించిన సలేసియన్ సభ 1906లో తంజావూరు చేరి, తరువాత మన తెలుగు నేలకూ వచ్చింది.

తల్లిదండ్రులారా, ఆ ఉత్తరం మనకూ రాసినట్టే ఉంది. వేసవిలో ఎడమ కాలువలో ఈతకు దిగే పిల్లవాడికి గట్టున ఒక పెద్దవాడు ఉండాలి. కేకలు వేయడానికి కాదు, తోడుండడానికి. అల్లరికి శిక్షగా జపం చెప్పించకండి. జపానికి ఒక వేళ, ఆటకు ఒక వేళ పెట్టి, రెండింటిలోనూ మీరూ పాలుపంచుకోండి. పిల్లలను జపానికి కూర్చోబెట్టి మనం టీవీ ముందు కూర్చుంటే మార్గరీతమ్మ నేర్పిన పాఠం మన ఇంట్లో నిలవదు. ఆమె పిల్లలతోపాటు మోకరించింది, కొడుకు తాడుమీద నడుస్తుంటే చూసి సంతోషించింది. ఈ సాయంత్రం మన పిల్లలతో కాసేపు ఆడి, ఆ తరువాత వాళ్ల పక్కనే మోకరిద్దాం.